గీత పడని వెండి

బార్నబీ క్రెస్విక్ కాగితం మీద ఎడమవైపు కొమ్మకి చివరి వంపు తిప్పుతుండగా కింద వాకిట్లో బండి ఆగింది. చేతిలో పెన్సిల్ ఆగలేదు గాని కాలు ఆగింది. పొద్దున్న స్టూలెక్కి కూర్చున్నప్పటి నుంచీ ఆయన కుడికాలు మడమ నేలకి ఆనకుండా ఆడుతూనే ఉంది. బండి చక్రాల చప్పుడు, గుర్రం గిట్ట రాయికి తగిలిన చప్పుడు, చెక్కపెట్టె దించుతూ ఎవరో బూతులు తిట్టుకున్న చప్పుడు వరసగా వినిపించాయి. తర్వాత కాలు మళ్ళీ ఆడటం మొదలుపెట్టింది.

ఆ పెట్టెలో ఏముందో ఆయనకి తెలుసు. కార్‌బ్రూక్ ప్రభువుల పల్లెటూరి భవంతిలో, విందుల గదిలో వేలాడిన పాత వెండి షాండ్లియర్ అది. పెద్ద ప్రభువు పోయాడు, కొడుకు గద్దెకెక్కాడు, కోడలికి ఆ పాతకాలపు దీపాలగుత్తి కంటికి ఆనలేదు. దాన్ని కరిగించి, అదే వెండితో ఈనాటి తీరుకి తగ్గట్టు కొత్తది చెయ్యమని కబురు పంపింది. ఆ కొత్తదాని బొమ్మే బార్నబీ ఇప్పుడు గీస్తున్నది. పాతదాని బొమ్మ గీసిందీ ఆయనే. అప్పటికి ఆయన జుట్టు నల్లగా ఉండేది.

ఆయన పొడగరి. బల్ల మీదికి వంగి వంగి కుడి భుజం ఎడమదాని కంటే పైకి లేచి ఉండిపోయింది. వేళ్ళ సందుల్లో బూడిదరంగు సిరా ఎంత రుద్దినా పోదు. బల్ల మీద పక్కనే చిన్న రొట్టె ముద్ద ఉంటుంది, తప్పు పడ్డ గీతలు చెరపడానికి. ఆకలేసినప్పుడు పరధ్యానంగా దాన్నే నోట్లో వేసుకుని, పెన్సిల్ మసి నాలిక్కి తగిలాక ఉమ్మేస్తాడు. లండన్‌లో, సోహో పేటలో, లార్డెన్ వారి వెండిపని కార్ఖానా మేడ మీద, ఉత్తరం కిటికీ పక్కన ఆయన జీవితం ఇలాగే గడిచింది.

షాండ్లియర్ బొమ్మకి సగం గీస్తే చాలు. రెండో సగం మొదటిదానికి అద్దంలో నీడే కదా. అందుకని బార్నబీ ఒకే కాగితం మీద నిలువుగా గీత కొట్టి, ఎడమ సగం ఒక తీరుగా, కుడి సగం మరో తీరుగా గీసేవాడు. దొరలు దాన్ని చూసి నచ్చిన సగం మీద వేలు పెట్టేవారు. బార్నబీ మనసుపడ్డ సగం మీద ఆ వేలు పడ్డ సందర్భాలు తక్కువ.

బోర్డులు రాసే పెయింటరు కొడుకు ఆయన. పడుచుదనంలో ఇటలీ వెళ్ళి పెద్ద పెద్ద మేడలకి నమూనాలు గీయడం నేర్చుకోవాలని ఒక చిన్నదొర గుమ్మం ముందు పడిగాపులు పడ్డాడు. చిన్నదొర ఇంకెవర్నో వెంటబెట్టుకుపోయాడు. అప్పటినుంచి బార్నబీ చేసిందల్లా ఇక్కడ కూర్చుని ఆ మేడల్లో వేలాడే దీపాలు గీయడమే. ఏ భవంతిలో ఏ గది కప్పు ఎంత ఎత్తో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. వాటిలో ఒక్కదాని గడపా తొక్కలేదు.

"ఏవయ్యా బార్నబీ!" కింద నుంచి సిలాస్ ఓగ్డెన్ గొంతు మెట్ల మీదుగా పైకొచ్చింది. "మీ పెద్దమ్మాయి పుట్టింటికొచ్చింది! వచ్చి చూస్తావా, పైన కూర్చుని గోళ్ళు గిల్లుకుంటావా?"

"పనుంది," అన్నాడు బార్నబీ.

ఒక గీత గీశాడు. చెరిపాడు. మళ్ళీ గీశాడు. పెన్సిల్ చెక్కడానికి కత్తి తీసి, చెక్కకుండానే కింద పెట్టి, లేచి మెట్లు దిగాడు.

కొలిమి గదిలో గడ్డి పరిచిన నేల మీద షాండ్లియర్ పక్కకి ఒరిగి పడి ఉంది. వర్షం ముందు ఆకాశంలా నల్లబడిపోయింది. మధ్యలో దానిమ్మకాయలా ఉబ్బిన బొజ్జ. దాని చుట్టూ మెలికలు తిరిగి పైకి లేచిన కొమ్మలు. ఒక్కో కొమ్మ కింద ఒక్కో ఆడమనిషి మొహం, ఆమె జుట్టు ఆకులై కొమ్మని చుట్టుకుపోతుంది. ఒక కొమ్మ నౌకరు గడకర్ర తగిలి కాబోలు వంగిపోయింది. గిన్నెల్లో పాత మైనం పసుపుపచ్చగా పేరుకుని ఉంది.

నగిషీ పనివాడు సిలాస్ దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. పొట్టిగా, బిర్రుగా ఉంటాడు. ఎడమచెవి వినపడదు కాబట్టి ప్రపంచమంతా చెవిటిదన్నట్టు అరుస్తాడు.

"ముక్కులు చూడు! ఒక్కదానికీ ముక్కు లేదు. సుద్దపొడి పెట్టి రుద్ది రుద్ది అరగదీశారు వెధవలు. ఆ ముక్కులు చెక్కుతూ నిన్ను నేను తిట్టని తిట్టు లేదు, తెలుసా? ఇంత సన్నంగా గీస్తే చెక్కేవాడు చావాలా అని."

బార్నబీ వంగి ఒక మొహం మీద బొటనవేలు పెట్టాడు. కళ్ళు, పెదవులు, ముక్కు అన్నీ కలిసిపోయి గులకరాయిలా నున్నగా తగిలింది. ఆ మొహాల కోసం ఆయన ఎన్ని కాగితాలు చించాడో! ఒక్కోదానికి ఒక్కో చూపు ఉండాలని పట్టుబట్టాడు. ఒకామె పక్కకి చూడాలి, ఒకామె నవ్వు ఆపుకోవాలి, ఒకామెకి కోపం.

"క్రెస్విక్!"

యజమానురాలు హానా లార్డెన్ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడు పోయాక కార్ఖానాని తన పేరు మీద, తన ముద్ర మీద నడుపుతున్న మనిషి. భారీ ఒళ్ళు, మోచేతుల దాకా మడిచిన గౌను చేతులు, నడుముకి తాళాల గుత్తి.

"నీ పని పైన కదా? ప్రభువుగారి మనిషి రేపు పొద్దున్నే బయల్దేరతాడు. బొమ్మ అతని చేతిలో పెట్టాలి."

"వెళ్తున్నానమ్మగారూ."

పైకి వెళ్ళాడు. కొత్త షాండ్లియర్ కొమ్మలకి కింద గవ్వలు, నత్తగుల్లలు, నురగ, సముద్రపు నాచు గీయాలి. కోడలుగారికి సముద్రం ఇష్టమట. ఎడమ సగంలో గవ్వలు పరిచాడు. బాగానే కుదిరాయి. కుడి సగంలో వాటిని ఇంకా దట్టంగా, కొమ్మ కనిపించకుండా నింపాడు. అదీ బాగానే ఉంది. అయినా కూర్చోబుద్ధి కాలేదు. నీళ్ళకని ఒకసారి కిందికెళ్ళాడు. నీళ్ళు తాగకుండా తిరిగొచ్చాడు. సిరా గడ్డకట్టిందని ఇంకోసారి వెళ్ళి, కొలిమి పక్కన సిరాబుడ్డి పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం అందరూ వాకిట్లో మాంసం పెట్టిన రొట్టెలు తింటుంటే తనది చేతిలోనే పట్టుకుని గోడవారగా అటూ ఇటూ తిరిగాడు.

"కూర్చుని తిను నాయనా," అంది డోర్కస్, గుమ్మం మెట్టు మీద జరిగి చోటిస్తూ. మెరుగు గదిలో మిగిలిన ముసలావిడ ఆమె. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయినా మెరుగురాయి వదల్లేదు. "పెళ్ళాం కాన్పుకెళ్ళినవాడిలా ఏమిటా తిరగడం?"

"ఆకలి లేదు."

"మార్జరీ ఉన్నప్పుడూ ఇంతే నువ్వు. అన్నీ అది తినిపిస్తే తినడమే."

బార్నబీ రొట్టెని రెండో చేతికి మార్చుకున్నాడు. మార్జరీ ఆయన భార్య. ఆమె కూడా ఇక్కడే, ఆ మెరుగు గదిలోనే, సబ్బునీళ్ళలో ముంచిన నున్నటి రాయితో వెండిని రుద్దే పని చేసేది. రాత్రి ఇంటికొస్తే ఆమె ఒంటి నిండా సబ్బు వాసన. అరచేతిలో బొబ్బలు పగిలి, మళ్ళీ పొంగి, చివరికి కాయలు కాశాయి. ఆమె వంట చేస్తూ ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది. బార్నబీ బల్ల మీద గోటితో ఏదో ఒక కొమ్మ వంపు గీస్తూ "ఊఁ" అనేవాడు. ఏం చెప్పేదని ఇప్పుడెవరైనా అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు. పిల్లలు పుట్టలేదు. ఒక చలికాలం దగ్గు పట్టుకుని, వసంతం వస్తుండగా ఆమె పోయింది. ఆ మర్నాడు కూడా ఆయన పనిలోకి వచ్చాడు. ఏం చెయ్యాలో తోచక వచ్చాడు. అందరూ రాతిగుండె అనుకున్నారు.

మధ్యాహ్నం దాటగానే నవంబరు మంచు, పొగ కలిసి సందులోకి దిగాయి. వెలుతురు పలచబడింది. బార్నబీ పెన్సిల్ పెట్టి సిరా కుంచె తీశాడు. గవ్వల కింద నీడలు అద్దాలి. కుంచె ముంచి కుడి సగంలో కొన్నిటికి అద్దాడు. కింద కొలిమి తిత్తులు బుసకొట్టడం మొదలైంది. వెండి కరిగించే మూస వేడెక్కుతోంది. ఆ వేడి వాసన నేల పలకల సందుల్లోంచి పైకొచ్చింది. ఆయన కుంచెని అలాగే వదిలేసి మెట్లు దిగాడు. ఈసారి పరుగులాంటి నడకతో దిగాడు.

సిలాస్ పెద్ద కత్తెర నోరు తెరిచి మొదటి కొమ్మ మొదట్లో బిగించాడు.

"ఆగు," అన్నాడు బార్నబీ.

"ఆఁ?"

"ఆగమన్నాను!"

ఆ గది గోడలు ఆయన అరుపు ఎన్నడూ వినలేదు. తిత్తులు ఊదేవాడు కూడా చెయ్యి ఆపాడు. డోర్కస్ మెరుగు గదిలోంచి తొంగిచూసింది.

"ఏమైందయ్యా?" అన్నాడు సిలాస్.

 ఏం అడగాలనో బార్నబీకి దిగి వచ్చేటప్పుడు తెలియదు. "ఒక్కసారి వెలిగించి చూద్దాం," అన్నాడు. "విరిచేముందు. ఒక్కసారి."

సిలాస్ పకపకా నవ్వాడు. "వెలిగించడమా? ఎవరికి? విందుకి ప్రభువుగారొస్తున్నారా? ఉండు, నేను పట్టు చొక్కా వేసుకొస్తా."

"నేను గీసినవాటిలో ఒక్కటీ వెలుగుతుంటే చూడలేదు సిలాస్. నువ్వు చూశావా?"

సిలాస్ కత్తెర కింద పెట్టాడు. చూళ్ళేదు. ఎవరూ చూళ్ళేదు. మెరుగు పెట్టడం కాగానే మెత్తటి గుడ్డలో చుట్టి, గడ్డిలో పెట్టి, బండెక్కించేసేవారు. మసి అంటుతుందని కార్ఖానాలో వత్తి ముట్టించనిచ్చేవారు కాదు.

"ఎవరు ఆపమన్నారు పని?" హానా లార్డెన్ లోపలికొచ్చింది. సంగతి విని, నడుమ్మీద చేతులు పెట్టుకుని, బార్నబీని ఎగాదిగా చూసింది. "నీకేమైనా మతి పోయిందా క్రెస్విక్?"

"లేదమ్మగారూ."

ఆమె నేల మీద పడున్న వెండి వంక చూసింది. మామూలుగా ఆమె దేని వంకా అంతసేపు చూడదు.

"మా ఆయన చేసిన మొదటి పెద్ద పని ఇది," అంది. "దీన్ని పంపిన రోజు బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత లోపలికొచ్చి నాతో పోట్లాడాడు, ఎందుకో గుర్తులేదు." నడుముకున్న తాళాల గుత్తి సర్దుకుంది. "వంటింట్లో కొవ్వొత్తుల చివరి ముక్కలుంటాయి, అవి తెండి. ఖరీదైన మైనపు వత్తులు అడిగారో, చంపుతాను. ఊఁ, ఏంటలా చూస్తారు? తొందరగా కానివ్వండి!"

దూలానికి ఉన్న కప్పీ తాడుకి కట్టి దాన్ని మనిషికన్నా ఎత్తుకి లాగారు. గిన్నెల్లో కొవ్వొత్తి ముక్కలు నిలబెట్టారు. సిలాస్ నిచ్చెనెక్కి కాలుతున్న పుల్లతో ఒక్కోటీ ముట్టిస్తూ "ప్రభువుగారూ, మెడ వంచండి," "అమ్మగారూ, గౌను జాగ్రత్త" అని వెటకారాలాడాడు. చివరి రెండు వత్తులు వెలిగించేసరికి వెటకారం ఆపేశాడు. దిగి నిచ్చెన పక్కకి లాగాడు.

తాడు పురి విప్పుకుంటూ షాండ్లియర్‌ని మెల్లగా తిప్పింది.

బార్నబీ ముందు మొహాల కోసం చూశాడు. అవి కనిపించలేదు. గిన్నెల నీడ వాటి మీద పడింది. నవ్వు ఆపుకునే ఆమె, కోపంగా చూసే ఆమె, ఆకులు, జుట్టు, ఆయన రాత్రింబవళ్ళు తపించిన సన్నటి గీతలన్నీ కొమ్మల కింద నల్లటి ముద్దలయ్యాయి. ముక్కులు ఉన్న రోజుల్లో కూడా ఇంతే అయి ఉంటుంది. విందు బల్ల దగ్గర కూర్చున్న ఏ దొరా ఏ దొరసానీ వాటి చూపులు చూసి ఉండరు.

వెలుగంతా మరోచోట ఉంది. మొహాలకీ గిన్నెలకీ మధ్య, కొమ్మ వంపు పొడుగునా ఏ నగిషీ లేని చోట, బొజ్జ మీద ఉబ్బిన నున్నటి భాగంలో. నలుపెక్కిన పొర కింద నుంచి కూడా ఆ వెండి వెలుగుని పట్టుకుంది. షాండ్లియర్ తిరుగుతుంటే వెలుగు కొమ్మ మీద పైనుంచి కిందికి జారి, బొజ్జని చుట్టి, ఇంకో కొమ్మ ఎక్కింది. ఎక్కడా తెగలేదు. మసిపట్టిన కొలిమి గది గోడల మీద ఆ వెలుగు కదిలింది. సిలాస్ గడ్డం మీద, హానా లార్డెన్ మెడ మీద, తిత్తులవాడి చెమట మీద కదిలింది. 

కాగితం మీద ఆ చోట్ల బార్నబీ ఏమీ గీయలేదు. తెల్లగా వదిలేశాడు.

ఆయన షాండ్లియర్ చుట్టూ నడిచాడు. ఒక పక్కకి వెళ్ళి చూశాడు, ఇంకో పక్కకి వెళ్ళాడు, సరిగ్గా కిందికొచ్చి తలెత్తి నిలబడ్డాడు, మళ్ళీ కదిలాడు.

"అదీ, మార్జరీ చెయ్యంటే," అంది డోర్కస్.

బార్నబీ వెనక్కి తిరిగాడు. "ఏంటి?"

"ఇంకెవరనుకున్నావ్? నాకప్పుడు గిన్నెలు రుద్దడమే ఇచ్చేవారు. ఆ కొమ్మలన్నీ అదే చేసింది. ఒక్క రాయి గీటు కూడా కనపడకూడదని ఒకే దిక్కుకి రుద్దేది, ఊపిరి బిగబట్టి. మేం నవ్వేవాళ్ళం." డోర్కస్ తన వేళ్ళు తనే నలుపుకుంది. "ఇంట్లో నీకు చెప్పలేదా?"

బార్నబీ తిరుగుతున్న కొమ్మల వంక చూస్తూ అన్నాడు, "చెప్పే ఉంటుంది."

ఒక వత్తి చిటపటలాడి ఆరిపోయింది. ఇంకోటి వంగింది. హానా లార్డెన్ కొంగులాంటి తన ముందుగుడ్డతో మొహం తుడుచుకుని, "చాలు. దించండి," అంది. "మూస ఎర్రబడింది."

దించారు. సిలాస్ కత్తెర తీశాడు. ఈసారి బార్నబీ ఆపలేదు. కొమ్మ తెగి పడేటప్పుడు కదలకుండా రెండో చివర తనే పట్టుకున్నాడు. వెండి ఇంకా గోరువెచ్చగా ఉంది. అలా ఒక్కో కొమ్మా పట్టుకుని ఇచ్చాడు. మూసలో మొదట కొమ్మ అంచులు మెత్తబడ్డాయి, తర్వాత అంతా ఒక్కటై తళుక్కున మెరిసింది. ఆయన మేడెక్కాడు.

కిటికీలో వెలుతురు చచ్చిపోయింది. కొవ్వొత్తి ముట్టించి బల్లకి దగ్గరగా జరిపాడు. కోటు విప్పి మేకుకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, నిలబడే పని మొదలుపెట్టాడు. కుడి సగంలో కొమ్మల కింద దట్టంగా నింపిన గవ్వలు, నాచు, నురగ అన్నీ రొట్టె ముద్దతో రుద్దేశాడు. సిరా ఇంకిన చోట కత్తి మొనతో గీకాడు. కాగితం నూగు లేచింది. వేలిగోరుతో దాన్ని అణిచాడు. కొమ్మ వంపుని ఒకే ఒక్క గీతగా మళ్ళీ గీశాడు, మొదటి నుంచి చివరి దాకా పెన్సిల్ ఎత్తకుండా. ఎడమ సగంలో గవ్వలకి సిరా నీడలు అద్దాడు.

హానా లార్డెన్ పైకొచ్చి, ఆయన భుజం మీదుగా చూసింది.

"ఇది పూర్తి కాలేదుగా?"

"అయిందమ్మగారూ."

"ఇటు కొమ్మల కింద ఏమీ లేదేం?"

"అక్కడ ఏమీ ఉండకూడదు."

"ఏమీ లేనిదానికి ఎవరిస్తారు డబ్బు?"

"మెరుగు పెట్టేవాళ్ళకి ఇమ్మనండి," అన్నాడు బార్నబీ.

ఆమె కాగితం తీసుకుని, తడి ఆరేందుకు దూరంగా పట్టుకుని, తలుపు మోకాలితో నెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

బార్నబీ కొవ్వొత్తి ఊదేశాడు. కోటు మేకుకే వదిలేసి, చొక్కా చేతులు దించుకోవడం కూడా మర్చిపోయి మెట్లు దిగి, వాకిలి దాటి, మంచులో సందు మలుపు తిరిగాడు. ఆయన అంత గబగబా నడవడం చూసి, దారిలో ఎవరో ఎదురు చూస్తున్నారనుకున్నానని సిలాస్ తర్వాత చెప్పాడు.

మర్నాడు ఆయన పనికి రాలేదు. ఎప్పుడూ అలా జరగలేదు కాబట్టి డోర్కస్ వెళ్ళి చూసింది. అద్దెగదిలో మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుకుంటూ, ఒకటి విప్పి, రెండోది విప్పకుండానే వెనక్కి వాలి చనిపోయి ఉన్నాడు. మొహం మామూలుగానే ఉంది. పేట చర్చి వెనకాల మార్జరీ పక్కన చోటు లేకపోతే, ఆ వరసలోనే కాస్త అవతల పూడ్చారు. ఆ రోజు కొలిమి రాజెయ్యలేదు.

బొమ్మ కార్‌బ్రూక్ చేరింది. కోడలు ఎడమ సగం మీద వేలు పెట్టింది, గవ్వలున్నదాని మీద. ఆ కబురు విని హానా లార్డెన్ కొలిమి గదిలోకి నడిచింది. తర్వాత సిలాస్‌ని పిలిచి, "గవ్వలు గిన్నెల చుట్టూ పెట్టు. కొమ్మల మీద వద్దు. కొమ్మలు నున్నగా ఉంచు," అంది.

"వాళ్ళడిగితేనో?"

"నేను చెప్పుకుంటాను."

డోర్కస్ ఆ కొమ్మలకి ఒకే దిక్కుకి రుద్ది మెరుగు పెట్టింది. సగంలో వేళ్ళు మొరాయిస్తే వేడినీళ్ళలో ముంచుకుని మళ్ళీ కూర్చుంది. వసంతంలో షాండ్లియర్ గడ్డిలో సర్దుకుని బండెక్కింది. కార్‌బ్రూక్ నుంచి ఎవరూ ఏమీ అడగలేదు.

మేడ మీద ఉత్తరం కిటికీ దగ్గరికి వేరే మనిషి వచ్చాడు. తన టోపీ పెట్టుకోవడానికి పక్కన ఇంకో మేకు కొట్టుకున్నాడు. పాత మేకుకి బార్నబీ గోధుమరంగు కోటు అలాగే వేలాడుతోంది, మోచేతుల దగ్గర అరిగి, ఒక భుజం ఇంకోదాని కంటే ఎత్తుగా. ఆ భుజం మీద, షాండ్లియర్ కింద తలెత్తి నిలబడ్డప్పుడు పడింది కాబోలు, గుండీ అంత కొవ్వు చుక్క గడ్డకట్టి తెల్లగా ఉంది.